లేహ్‌లో గోడలు ఎటు చూస్తున్నాయి?

జనవరిలో లేహ్‌లో రాత్రిపూట మైనస్ 15, మైనస్ 20 డిగ్రీల చలి. అదే ఊళ్లో మధ్యాహ్నం దక్షిణపు గోడకు చేరగిలబడి కూర్చుంటే స్వెటర్ విప్పేయాలనిపిస్తుంది. 3,500 మీటర్ల ఎత్తు, పలుచని గాలి, ఏడాదిలో 300 రోజులకు పైగా ఎండ. లద్దాఖ్ కష్టమంతా పగటి వేడి రాత్రికి నిలవకపోవడమే. అందుకే మంచు కురిసి జోజిలా కనుమ మూసుకుపోయేలోపు కిరోసిన్, డీజిల్, గ్యాస్ లారీల్లో కొండలెక్కుతాయి. ఇంట్లో బుఖారీ, అంటే గదిని వేడిచేసే పొయ్యి, వెలుగుతుంది. తలుపులు బిగించిన గదిలో దాని పొగ ప్రాణాలు తీసిన సంఘటనలూ ఉన్నాయి.

ఆ ఎండను గోడలోనే దాచుకోవచ్చు. దక్షిణం వైపు మందపాటి మట్టి, రాతి లేదా కాంక్రీటు గోడ కట్టి, బయటి ముఖానికి నల్లరంగు వేసి, కాస్త ఎడంగా ముందు అద్దం బిగిస్తారు. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, వేడెక్కిన గోడ నుంచి వెలువడే వేడిని మాత్రం చాలావరకు అడ్డుకుంటుంది. గోడకు పైనా కిందా కంతలు ఉంటే పగలు అద్దానికీ గోడకూ మధ్యలోని వేడిగాలి పై కంత గుండా గదిలోకి వస్తుంది, గదిలోని చల్లగాలి కింది కంత గుండా ఆ సందులోకి పోతుంది. గోడలో చేరిన వేడిది మాత్రం నిదానపు నడక. 30 సెంటీమీటర్ల మందం దాటడానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం ఒంటిగంట ఎండ రాత్రి తొమ్మిదికి మంచం దగ్గరికి చేరుతుంది.

లెక్క కూడా చిన్నదేం కాదు. ఆ మందంలో చదరపు మీటరు మట్టి గోడ బరువు సుమారు 600 కిలోలు. అది 10 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి అందులో చేరినట్టు. పది చదరపు మీటర్ల గోడంటే 15 యూనిట్లు, 1500 వాట్ల రూమ్ హీటర్ పది గంటలు వేసినంత. అందులో కొంత అద్దం గుండా వెనక్కి పోతుంది, కాదనను. అయినా బిల్లు రాని వేడి అది.

ఈ ఉపాయానికి 1881లోనే అమెరికాలో ఎడ్వర్డ్ మోర్స్ పేటెంట్ తీసుకున్నారు. ఫ్రాన్స్‌లోని పిరనీస్ కొండల్లో, ఓడెయో అనే ఊళ్లో, ఫెలిక్స్ ట్రోంబ్, ఆర్కిటెక్ట్ జాక్ మిషెల్ కలిసి 1967లో ఇలాంటి ఇల్లు కట్టాక 'ట్రోంబ్ గోడ' అనే పేరు స్థిరపడింది. లద్దాఖ్‌కూ ఇది కొత్త కాదు. షే గ్రామంలోని డ్రుక్ వైట్ లోటస్ స్కూలు హాస్టల్ గదులకు ట్రోంబ్ గోడలున్నాయి. ఫే గ్రామంలో సోనమ్ వాంగ్‌చుక్ తదితరులు పెట్టిన సెక్మోల్ విద్యాసంస్థ క్యాంపస్ గోడలు దట్టించిన మట్టివి. చలికాలంలో దక్షిణం వైపు ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్ తగిలిస్తారు, ఎండలు ముదిరితే తీసేస్తారు.

ఇన్ని నమూనాలు కళ్లముందే ఉన్నా, లేహ్‌లో గెస్ట్‌హౌస్‌లు, క్వార్టర్లు పలుచని సిమెంటు దిమ్మెలతో, రోడ్డు ఎటుంటే అటు ముఖం పెట్టి లేస్తున్నాయి. మన దగ్గర దక్షిణం ఫేసింగ్ అంటే ప్లాటు ధర పడిపోతుంది. వాస్తు భయం ఏమీ లేనిచోట కూడా దక్షిణాన్ని వదులుకోవడమే నాకు వింతగా తోస్తుంది. డిసెంబరు చివర అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 32 డిగ్రీల ఎత్తుకు మించడు, నేరుగా గోడ మీదే పడతాడు. జూన్‌లో దాదాపు నడినెత్తికి వస్తాడు, అప్పుడు చిన్న చూరు చాలు, గోడకు నీడ పడుతుంది. ఇంతకంటే అనుకూలమైన చోటు దొరకదు.

ఇంకో అపోహ, గోడ మందంగా ఉంటే చాలు ఇల్లు వెచ్చగా ఉంటుందని. ఎండ తగలని ఉత్తరపు గోడ ఎంత మందమైనా గదిలోని వేడిని పీల్చి బయటికే పంపిస్తుంది. ఆ వైపు గడ్డో, థర్మాకోలో, రంపపు పొట్టో పెట్టి వేడి పోకుండా ఆపాలి. దక్షిణాన దాచుకోవడం, మిగతా మూడు వైపులా కాపాడుకోవడం రెండూ చేస్తేనే ఫలితం. చాలాచోట్ల మొదటిది చేసి రెండోది వదిలేసి, 'ఇది పనిచేయదు' అంటారు.

దీన్ని తెచ్చి మనకు అంటగట్టక్కర్లేదు. రాయలసీమ చౌడు మిద్దెల మందపాటి గోడలు ఇదే గుణాన్ని తిరగేసి వాడుకున్నాయి: రాత్రి చల్లదనాన్ని దాచుకుని మధ్యాహ్నం ఇస్తాయి. పగటికీ రాత్రికీ బాగా తేడా ఉన్నచోటే ఆ మేలు. మేలో విజయవాడలో రాత్రి కూడా ఉక్కపోతే, అక్కడ మందపాటి గోడ పగలు తాగిన వేడిని నిద్రపోయే వేళకు కక్కుతుంది.

లద్దాఖ్ 2019లో కేంద్రపాలిత ప్రాంతమైంది. ప్రభుత్వ డబ్బుతో కట్టే బడి, హాస్టల్, క్వార్టర్ ఏదైనా సరే, పొడుగు వైపు దక్షిణానికి ఉండాలన్న షరతు టెండరు కాగితంలోనే పెట్టాలంటాను. భవనాన్ని తిప్పి కట్టడానికి అదనంగా పైసా ఖర్చు కాదు. ఖర్చంతా అద్దానికి, ఉత్తరపు గోడకు. మిగిలిన చిక్కు మనుషులది. రాత్రి కంతలు మూయకపోతే గాలి ఎదురు తిరిగి గదిని చల్లబరుస్తుంది. రెండేళ్లకోసారి బదిలీపై వచ్చే ఉద్యోగికి ఆ సంగతేం తెలుస్తుంది? తాళంచెవి చేతికిచ్చేటప్పుడే, సాయంత్రం ఎండ వాలగానే కంతలు మూసి, అద్దానికి తెర దించమని చెప్పే మనిషొకరు ఉండాలి.