పెండింగ్ జీతం గారూ, ఇక సెలవు

గౌరవనీయులైన పెండింగ్ జీతం గారికి,

హనుమకొండ నుంచి మీ భక్తుడు, ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్ రాయునది. మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగానే ఉంటారు లెండి, రిజిస్టర్‌లో గుండ్రటి అక్షరాలతో రాసి, బీరువాలో పెట్టి తాళం వేశాక మీకేం భయం. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఆ బీరువాలోనే మీ పక్క అరలో ఉన్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండండి. మేమూ ఇక్కడ క్షేమమే. ఈఎంఐ బౌన్స్ అయినందుకు బ్యాంకువాళ్లు వేసే ఛార్జీ, ఆ ఛార్జీ మీద జీఎస్టీ అన్నీ క్షేమంగానే కట్టుకుంటున్నాం.

ఇవాళ భోజనాలయ్యాక రమ్మంటే మీ దర్శనానికి వచ్చాను. చైర్మన్ గారు లోపల మీటింగ్‌లో ఉన్నారన్నారు. కాసేపటికి కొత్త బ్లాకు స్లాబు పోస్తుంటే చూడ్డానికి వెళ్లారన్నారు. సాయంత్రమయ్యాక అట్నుంచటే హైదరాబాద్ పోయారన్నారు. ఈలోపు నా ల్యాబ్ క్లాసు ఎగిరిపోయింది (పిల్లలు పండగ చేసుకున్నారని తెలిసింది, అది వేరే సంగతి). ఇదంతా మామూలే, ఇంతమాత్రానికే ఉత్తరం రాసి మీ టైం వేస్ట్ చేసేవాణ్ని కాదు. కానీ ఇవాళ ధైర్యం చేసి ఇన్నాళ్లూ అడగని ప్రశ్న ఒకటి అకౌంటెంట్ గారిని అడిగాను. "నేను మానేస్తే నా పాత జీతాలు ఎప్పుడిస్తరు?"

ఆయన చాలా మర్యాదస్థుడు. కుర్చీ చూపించి, కాలిక్యులేటర్ ముందుకు లాక్కున్నాడు. "సెమిస్టర్ మధ్యల పోతున్నరు కద సార్. మూడు నెలల నోటీసు ఉంటది. నోటీసు చెయ్యకుంటే మూడు నెలల జీతం మీరే కాలేజీకి కట్టాలె. మేం మీకు ఇచ్చేది ఉంది కాబట్టి అండ్లనే అడ్జస్ట్ చేస్తం. మీ చేతి నుంచి పడేది పెద్దగ ఏం ఉండదు."

నోటీసు చేస్తానంటే ఏమవుతుందని అడిగాను.

"అప్పుడు ఆ మూడు నెలలది గూడ పెండింగ్‌ల పడ్తది సార్."

ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో వెటకారం కూడా లేదు. నిజంగానే నాకు సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. నేను థ్యాంక్స్ చెప్పి బయటికొచ్చాను, ఆ థ్యాంక్స్ ఎందుకు చెప్పానో బస్సెక్కేదాకా అర్థం కాలేదు.

అయ్యా పెండింగ్ జీతం గారూ, మీకోసమే కదా నేను ఇక్కడ ఆగింది! మా డిపార్ట్‌మెంట్‌లో ఒక్కొక్కళ్లూ వెళ్లిపోతుంటే, ఒకాయన మాదాపూర్‌లో టెస్టింగ్ అంటూ, ఇంకొకామె పరకాలలో స్కూల్ అంటూ పోతుంటే, నేను మాత్రం "పాతది వచ్చినంక చూద్దాం" అని కూర్చున్నాను. వాళ్లు తొందరపడుతున్నారనీ, చేతికొచ్చే డబ్బు వదులుకుంటున్నారనీ టీ తాగుతూ జాలిపడ్డాం కూడా. ఇప్పుడు లెక్క వేస్తే, అందరికంటే ముందు పోయినవాడికే అందరికంటే తక్కువ పోయింది. ఇంకో నెల ఆగితే మీరు ఇంకో నెల పెరుగుతారు, అంత పెరిగినవారిని వదిలి పోలేక ఇంకో నెల ఆగుతాం. పోతానని ఒక్క మాట అనగానే మాత్రం మీరు కాలిక్యులేటర్‌లో మాయమైపోతారు. మిమ్మల్ని ఎవరు కనిపెట్టారో గానీ వాడికి మా మేనేజ్‌మెంట్ ఏటా ఒక శాలువా కప్పాలి.

మీరు ఎందుకు రారో కూడా మాకు చెప్తూనే ఉంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు. ట్రెజరీలో బిల్లుకు టోకెన్ నంబర్ పడింది, డబ్బు పడలేదు. నిజమే, అబద్ధం అనను, ప్రభుత్వాలు మారినా ఆ బకాయి మారలేదు. 2025 నవంబర్‌లో దానికోసం రాష్ట్రమంతా ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా పెట్టాయి. తమ బకాయి కోసం మేనేజ్‌మెంట్లు గొంతెత్తితే అది న్యాయపోరాటం, మా బకాయి కోసం మేం స్టాఫ్‌రూంలో గొంతెత్తితే అది క్రమశిక్షణా రాహిత్యం. ఒక్క సందేహం. రీయింబర్స్‌మెంట్ వచ్చేది కన్వీనర్ కోటా వాళ్లకు, అంటే 70 శాతం సీట్లకు, అందులోనూ అర్హత ఉన్నవాళ్లకే. మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్ల డబ్బు ఏ ట్రెజరీలో ఏ టోకెన్ కోసం ఆగింది? ఆ కొత్త స్లాబుకు సిమెంటు ఉద్దెరకు ఇచ్చారా? మా గల్లీ కిరాణా ఆయన నాకు ఇస్తున్నాడు, ఆయన నంబర్ చైర్మన్ గారికి ఇమ్మంటే ఇస్తాను.

చట్టం సంగతి కూడా ఎత్తాను. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకముందే ఇవ్వాలని బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1936లో చేసిన వేతన చెల్లింపు చట్టంలోనే ఉండేది. వెయ్యి మంది కంటే తక్కువ పనిచేసే చోట్లకు ఆ గడువు. ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కూడా అదే 7వ తేదీ, పైగా రాజీనామా చేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలని ఉంది. దీనికి వచ్చిన జవాబు, "అది కంపెనీలకు సార్. మనది విద్యాసంస్థ." గ్రాట్యుటీ కథ ఇంకా బాగుంటుంది. 1972 చట్టంలో టీచర్లు లేరని 2004లో సుప్రీంకోర్టు అంటే, 2009లో పార్లమెంటు సవరణ చేసి 1997 నుంచే వర్తిస్తుందని రాసింది. ఢిల్లీలో అంత కష్టపడ్డారు పాపం. గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్లు నిండకముందే ఒక ఎండాకాలం మనిషిని తీసేసి, కాలేజీ తెరిచాక కొత్త అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇచ్చే ఉపాయం ఇక్కడ ఉందని వాళ్లకేం తెలుసు.

ఎండాకాలం అంటే గుర్తొచ్చింది. ఎప్‌సెట్ అయ్యీ కాకముందే నర్సంపేట, మహబూబాబాద్, భూపాలపల్లి తిరిగి, ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు బ్రోచర్ ఇచ్చి, "మా కాలేజీలో చేరితే మీ వాడి భవిష్యత్తుకు ఢోకా ఉండదు" అని చెప్పాలి. చెప్పేవాడి జేబులో తిరుగు బస్సు ఛార్జీకి తప్ప ఉండదు. పెట్రోల్ బిల్లు ఇస్తామన్నారు, అది కూడా మీ ఇంట్లోనే చేరింది.

ఒక్కోసారి నాకు మా మామయ్యను చూస్తే అసూయ. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోతాడు. తేమ అంటారు, తాలు అంటారు, రేటు కోస్తారు, తిట్టుకుంటూనే వస్తాడు. కానీ సరుకు అమ్మిన రోజు చేతిలో తక్‌పట్టీ ఉంటుంది, ఇన్ని క్వింటాళ్లు, ఇంత రేటు, ఇంత పైకం అని. నాకు జీతం లేకపోయినా జీతం స్లిప్ మాత్రం ఠంచనుగా ఈమెయిల్‌కు వస్తుంది. బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ, ప్రొఫెషనల్ ట్యాక్స్ కోత అన్నీ పైసలతో సహా. ఇవ్వని డబ్బులోంచి ట్యాక్స్ కోసే విద్య మా ఇంజినీరింగ్ సిలబస్‌లో లేదు.

ఇక మర్యాద చాలు. చూడు, మార్చి జీతంలో సగం రాఖీ పండక్కి వేశారు, మిగతా సగం "దసరా లోపల" అన్నారు, ఏ సంవత్సరం దసరా అన్నది చెప్పలేదు. మా ఆవిడ నన్ను ఏమీ అనదు. అనకపోవడమే పెద్ద టెన్షన్. చిట్టీ ఎత్తి ఇల్లు నడిపింది, ఆ చిట్టీ కూడా నష్టానికి పాడింది, నీ మూలంగా. మా అమ్మ మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, "పైసలియ్యని కాడికి రోజూ ఇస్త్రీ అంగీ ఏసుకొని ఎందుకు పోతున్నవ్ బిడ్డా?" దానికి నా ఎం.టెక్ దగ్గర జవాబు లేదు. నువ్వు జీతానివి కావు. సగం జీతానివీ కావు. మమ్మల్ని కదలకుండా పట్టి ఉంచడానికి పెట్టిన ఎరవి, అదీ కాగితం మీద గీసిన ఎర. సిగ్గుండాలి నీకు.

క్లాసు వదలాలంటేనే కష్టంగా ఉంది, అది నీకు చెప్పుకోవలసిన విషయం కాదు కానీ చెప్తున్నాను. మెకానికల్‌లో చేరేవాళ్లు తగ్గిపోయాక నన్ను కంప్యూటర్ సైన్స్ ఫస్టియర్‌కు డ్రాయింగ్ చెప్పమన్నారు. జీవితంలో టీ-స్క్వేర్ ముట్టని పిల్లలు, కోడ్ రాయడానికి వచ్చి కోన్‌ను అడ్డంగా కోస్తే ఏ ఆకారం వస్తుందో గీస్తూ కూర్చుంటారు. మొదట్లో ఏడుస్తారు. ఒకరోజు ఉన్నట్టుండి ఒకమ్మాయి షీట్ ఎత్తి చూపించి, "సార్, ఇది నాకు కనబడుతున్నది, లోపల ఎట్లుంటదో కనబడుతున్నది" అంటుంది. అలాంటి రోజున నువ్వు గుర్తుకు రావు. ఈ మధ్య అలాంటి రోజుల్లో కూడా బోర్డు మీద గీస్తూ గీస్తూ, "ఇవాళ ఏడో తారీఖు కదా" అని గుర్తొస్తోంది. అప్పుడే పోవలసింది.

రాజీనామా ఇవాళ రాత్రే మెయిల్ చేశాను. నోటీసు చేయడం లేదు. అడ్జస్ట్ చేసుకోమన్నాను. ఉప్పల్‌లో ఒక చిన్న డిజైన్ ఆఫీసు, కాగితం మీద చూస్తే ఇక్కడి జీతం కంటే తక్కువే, కానీ అక్కడ పనిచేసే మా పాత స్టూడెంట్ ఒకడు ఒకటో తారీఖున జీతం పడ్డ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసి పంపాడు, నేను అడిగితేనే. సోమవారం పొద్దున వచ్చి సర్టిఫికెట్లు తీసుకుంటాను. ఇవ్వకపోతే బీరువా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను, కూర్చోవడంలో మీవాళ్లు నాకు బాగానే ట్రైనింగ్ ఇచ్చారు.

చివరిగా ఒక పని చేసిపెట్టు. మా డిపార్ట్‌మెంట్‌లో నాకంటే సీనియర్ ఒకాయన ఉన్నాడు, ఫిబ్రవరిలో కూతురి పెళ్లి. ఆయన కూడా నీకోసమే ఆగాడు. నా లెక్క కొట్టేశాక అందులో ఏమైనా మిగిలితే, స్లాబు వైపు పోకుండా ఆయన అకౌంట్‌కు పో. ఈసారి సగం సగం చేయకు.

ఇట్లు,
తమరి మాజీ హక్కుదారు,
హనుమకొండ