సాలీడుకి ఫ్రీ, మనకి 100 గోల్డ్

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని పాచికలేసి కథలో పాత్రల్లా ఆడే ఆట, అందులో విషానికి మనుషుల్ని చూసి మసిలే గుణం ఉంది, రాక్షసుల నోట్లో ఉంటే కాలకూటం, మన సీసాలోకి వస్తే దగ్గుమందు.

2014 రూల్స్ పుస్తకంలో బేసిక్ పాయిజన్, అంటే మామూలు విషం, సీసా 100 గోల్డ్ (బంగారు నాణేలు). పనొచ్చిన మనిషికి రోజుకూలి 2 గోల్డ్, అంటే ఒక వడ్రంగి 50 రోజుల కష్టం. అంత పోసి కొని, ఫైట్ మధ్యలో ఒక యాక్షన్, అంటే మన వంతులో చేసే అసలు పని, తగలేసి కత్తికి పూస్తే నిమిషంలో ఆరిపోతుంది, ఈలోపు దెబ్బ తగిలినా అవతలివాడు సేవ్‌లో (తప్పించుకోడానికి వేసే పాచికలో) 10 వేస్తే ఏమీ కాదు, వెయ్యకపోతే ఒక్క డీ4, అంటే నాలుగు ముఖాల పాచిక మీద పడినంత దెబ్బ. ఎదురుగా ఉన్నది అస్థిపంజరమైతే దానికి విషమే ఎక్కదు, అదీ లేదు. 2024 కొత్త రూల్స్‌లో సేవ్ తీసేశారు, పూయడం బోనస్ యాక్షన్ (అసలు పనితో పాటు చేసుకునే చిన్న పని) చేశారు, డీ4 మాత్రం డీ4గానే ఉంచారు, మహా ఉపకారం.

జెయింట్ స్పైడర్‌కి, అంటే ఆటలోని రాక్షస సాలీడుకి, సీసా ఖర్చు లేదు. 2014 రూల్స్‌లో కరిచిన ప్రతిసారీ రెండు డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు), సేవ్ అయినా సగం తగులుతుంది.

మొన్న 2014 రూల్స్‌తో ఆడుతూ దాన్ని చంపాం. నా పాత్ర రేంజర్‌కి (అడవి వేటగాడికి) 5 హెచ్‌పీ, అంటే ప్రాణం పాయింట్లు, మిగిలింది, అంత విషం వృథా ఎందుకని తీసుకుంటానన్నాను. ఆట నడిపే మా డీఎం మొహం వెలిగిపోయింది, అప్పుడే అనుమానం రావాల్సింది. నేచర్ చెక్‌లో, అంటే ప్రకృతి జ్ఞానానికి వేసే పాచికలో, 20 కావాలట, నాకు 13. ఐదు, అంతకన్నా ఎక్కువ తేడాతో పోతే ఆ విషం తీసేవాడికే ఎక్కుతుందట. సేవ్ కూడా పోయింది, హెచ్‌పీ జీరో, పైగా గంటసేపు పక్షవాతం, మా క్లెరిక్ (వైద్యం చేసే పూజారి పాత్ర) హీల్ చేసినా వేలు కదలదు. చచ్చిన సాలీడు చేతిలో ఓడిపోయి మా జట్టు వస్తాదు బార్బేరియన్ భుజమ్మీద బియ్యం బస్తాలా వేలాడుతూ, ప్రతి గుమ్మానికీ తల కొట్టుకుంటూ మిగతా గుహంతా తిరిగాను, గోబ్లిన్లు బాణాలేస్తే వాడు నన్నే అడ్డం పెట్టాడు.

"బ్యాలెన్స్ రా బాబూ" అన్నాడు డీఎం. ఏం బ్యాలెన్స్ రా? 20 పడి ఉంటే మాత్రం నాకొచ్చేది ఎంత, ఒక్క డోసు! బుర్ర పెట్టి ఆడండి అని మీరే అంటారు, ఒక్కసారి బుర్ర పెడితే మంచాన పడేస్తారు, ఇంకెందుకు ఆడటం, కత్తి తిప్పి డామేజ్ చెప్పి కూర్చుంటే సరిపోదూ?

బ్యాగులో మిగిలిన సీసా అమ్మబోతే ఊరి కాపలావాడు పట్టుకున్నాడు, విషం దగ్గర పెట్టుకోవడం నేరమట. సాలీళ్లని మాత్రం ఇంతవరకూ ఎవడూ అరెస్టు చెయ్యలేదు.