ఆశావాదానికి ఇరవైకి ఇరవై

మా బడిలో టీచర్ల ఆశావాదానికి హద్దు లేదు. ప్రిన్సిపాల్‌ను కాబట్టి గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి, ఎఫ్ఏ-4, అంటే నాలుగో ఫార్మేటివ్ అసెస్‌మెంట్ మార్కుల రిజిస్టర్ నా టేబుల్ మీదే ఉంది. పదో తరగతి ఏ సెక్షన్, ముప్పై ఎనిమిది మంది. తెలుగులో అందరికీ 20. గణితంలో అందరికీ 20. సోషల్‌లో, సైన్సులో, హిందీలో, ఇంగ్లిష్‌లో 20. మధ్యలో ఒకచోట 2 మాత్రమే కనిపించి గుండె ఝల్లుమంది. కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే సున్నా పక్క గడిలోకి జారింది, అంతే.

ఈ ఇరవై మహిమ తెలియని తల్లిదండ్రులు తెలంగాణలో ఉండరు. అయినా పద్ధతి ప్రకారం చెప్పాలి కదా. 2014-15లో సీసీఈ, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో వచ్చిన ఏర్పాటు ఇది. పబ్లిక్ పరీక్ష 80కి, మిగతా 20 బడి చేతిలో. ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లు, ఒక్కోటి 20కి. ఆ ఇరవైలో పిల్లల భాగస్వామ్యానికి ఐదు, రాత పనులకు ఐదు, ప్రాజెక్టుకు ఐదు, స్లిప్ టెస్టు అనే చిన్న రాత పరీక్షకు ఐదు. తెలుగుకైతే భాగస్వామ్యం చోట పుస్తక సమీక్ష. నాలుగు ఫార్మేటివ్‌ల సగటు మెమోలోకి వెళ్తుంది. మూడు గంటల పరీక్షతో పిల్లల్ని తూచెయ్యొద్దు, ఏడాది పొడవునా గమనించండి అన్నారు. మేం గమనించాం. అందరూ సమానమని తేలింది.

ఈసారి నాకో చిన్న కోరిక కలిగింది. ఆ రిజిస్టర్‌లో ఒక్క పదిహేడు చూడాలని. పెద్ద ఆశేం కాదు. తెలుగు సార్‌ను పిలిచి మెల్లగా అడిగాను. ఆయన ముఖం చూస్తే బడికి నిప్పు పెట్టమన్నానేమో అనిపించింది. "పదిహేడా! పిల్లగాని బతుకు ఖరాబ్ కాదా సార్?" అన్నాడు. గణితం మేడమ్ సూటిగా మాట్లాడే మనిషి. "నా సబ్జెక్టుల పదిహేడు పడితే కరస్పాండెంట్ సార్‌కు ఏం చెప్పాలె?" అంది. సోషల్ సార్‌ది మాత్రం తాత్విక దృష్టి. "ఇయ్యాల రాకపోవచ్చు సార్, రేపు వస్తది. ఆ రేపటి మార్కులే ఇయ్యాల వేస్తున్నం." జీతంలో అడ్వాన్సు అడిగితే దొరకని మనిషి, మార్కుల్లో ఇంత ధారాళంగా అడ్వాన్సు ఇస్తాడని నాకు తెలియదు.

నిరుడు ఈ మార్కుల్ని తనిఖీ చేయడానికి బృందం వచ్చింది. ఒక హెచ్ఎం గారు, ఇద్దరు టీచర్లు. మా ఆఫీసు రూములో రికార్డులు నడుం ఎత్తున పేర్చాం. వేడి వేడి మిర్చి బజ్జీలు, చాయ్ పెట్టాం. పైనున్న తెలుగు సమీక్షల కట్ట విప్పారు. నిరుటి పదో తరగతి పిల్లలందరూ ఒకే నీతికథల పుస్తకాన్ని, ఒకే వారంలో, ఒకే మాటల్లో మెచ్చుకున్నారు. ఆ పుస్తకం మా లైబ్రరీలో ఒక్కటే కాపీ. లైబ్రరీ అంటే తాళం వేసిన బీరువా. తాళంచెవి అకౌంటెంట్ దగ్గరుంటుంది, ఆయన ఆ వారమంతా సెలవు. రాతంతా ఒకే చేతిది, గుండ్రటి ముత్యాల్లాంటి అక్షరాలు. నర్సరీ మేడమ్‌వి. "చేతిరాత మీద మంచి శ్రద్ధ పెట్టారు సార్" అని హెచ్ఎం గారు అభినందించారు. నర్సరీ మేడమ్ తలుపు దగ్గరే నిలబడి సిగ్గుపడింది.

తర్వాత స్లిప్ టెస్టులు. గణితం పేపర్ మీది తేదీ సద్దుల బతుకమ్మ రోజుది. జిల్లా అంతా దసరా సెలవులు. ఆడపిల్లలు తెల్లారకముందే గునుగు, తంగేడు కోసుకొచ్చి బతుకమ్మలు పేరుస్తున్న రోజు. ఆ రోజు మా బడిలో త్రికోణమితి పరీక్ష జరిగింది, హాజరు నూటికి నూరు. బృందంలోని మేడమ్ ఆ తేదీ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. ఆమెకూ ఆ రోజు బతుకమ్మ ఆడిన జ్ఞాపకం ఉన్నట్టుంది. బజ్జీ కొరికి పేజీ తిప్పింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది సోషల్ ప్రాజెక్టు. అంశం మన చెరువు. పిల్లలు స్వయంగా వెళ్లి చూసి, చూసింది రాయాలి. మావాళ్లు భద్రకాళి చెరువును ఎంచుకున్నారు. సందర్శించిన నెల డిసెంబరు అని అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాశారు. 2024 నవంబరులో పూడిక తీయడానికి ఆ చెరువు నీళ్లు వదిలేసిన సంగతి ఓరుగల్లులో పాలబ్బాయికి కూడా తెలుసు. మా పిల్లలకు మాత్రం డిసెంబరులో అది నిండుకుండలా తొణికిసలాడుతూ కనిపించింది. అలలు, తామరలు, కొంగలు. ఒక కుర్రాడి ప్రాజెక్టులో పడవ కూడా ఉంది. చూస్తున్న సార్ ఆ పొద్దున ఆ చెరువు గట్టు మీదుగానే బండి మీద వచ్చాడు. "వర్ణన బాగుంది" అన్నాడు. ఆశావాదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? బురదలో నీళ్లు చూడగలిగినవాళ్లకు పిల్లల్లో ప్రగతి కనిపించకపోతుందా?

పోతూ పోతూ హెచ్ఎం గారు నన్ను పక్కకు పిలిచారు. చివాట్లే అనుకున్నాను. "అందరికీ ఇరవై వేస్తే పైనుంచి అనుమానం వస్తది సార్. ఒకరిద్దరికి పంతొమ్మిది వేయించండి, సహజంగా ఉంటది" అన్నారు.

పైవాళ్ల ఆశావాదమూ తక్కువది కాదు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2019లోనే ఈ ఇరవైని ఎత్తేసింది. మన ప్రభుత్వం 2024 నవంబరు చివర్లో, ఎత్తేస్తున్నాం, ఈ ఏడాది నుంచే నూరు మార్కుల పరీక్ష అంది. మర్నాడు, ఈ ఏడాది కాదు, వచ్చే ఏడాది అంది. వచ్చే ఏడాది వచ్చాక, 2025 ఆగస్టులో, 80, 20 అలాగే ఉంటాయంది. స్టాఫ్ రూములో ఆ రోజు స్వీట్లు పంచారు.

పదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పరకాల వైపు పల్లె. అమ్మానాన్నలు కూలీలు, పత్తి ఏరే రోజుల్లో ఆమె కూడా చేనుకు పోతుంది. ఎనిమిదిలో మా బడికి వచ్చింది. వచ్చేటప్పుడు తెచ్చిన రికార్డులోనూ మంచి గ్రేడులే. మొన్న ఏదో పని మీద నా గదికి వస్తే ఆమె పేరున్న సమీక్ష చేతికిచ్చి చదవమన్నాను. "ఈ కథ నాకు" దాకా చదివింది. అక్కణ్నుంచి కూడబలుక్కుంది. "రచయిత శైలి సరళంగా, హృద్యంగా ఉంది" అన్న వాక్యం దగ్గర ఆగిపోయింది. హృ మీద వేలు పెట్టి, "సార్, ఇదేం అచ్చరం?" అని అడిగింది.

పుస్తక సమీక్షకు ఐదుకు ఐదు.

పదేళ్లుగా ఎవరో ఒక పెద్దమనిషి ఏటా ఈ పిల్లకు మంచి గ్రేడు వేసి పై తరగతికి తోసేశాడు. విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఆపొద్దంది. నేర్పొద్దని ఎక్కడ అంది? మన సొంత కూతురికి వత్తులు రాకపోతే ఇరవై వేసి హాయిగా పడుకుంటామా? ఆ రాత్రే పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించమా? ఆరో తరగతిలో ఈ పిల్లకు పదకొండు వేసి ఉంటే, ఎందుకు పదకొండని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. వాళ్ల నాన్న అడిగేవాడు, లేదంటే ఆ పిల్లే అడిగేది. ఇరవై వేస్తే ఎవ్వరూ ఏమీ అడగరు. అడగకూడదనే ఆ ఇరవై. పిల్ల మీద దయ అని దానికి పేరు పెట్టుకుంటే ఎవరు నమ్ముతారు? మార్చిలో 80 మార్కుల పేపరు ముందేసుకుని ఆ పిల్ల ఒక్కతే కూర్చుంటుంది. ఈ ఆశావాదుల్లో ఒక్కడూ ఆ గదిలో ఉండడు.

అలాగని టీచర్ల మీద పడి అరవడానికి నోరు రాదు. ఏప్రిల్ ఎండలో కరపత్రాలు పట్టుకుని గల్లీ గల్లీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. తెస్తేనే జూన్‌లో ఉద్యోగం. మే నెల జీతం మాట ఎత్తకూడదు. మీ బిడ్డను టాపర్‌ను చేస్తామని గుమ్మం ముందు నిలబడి చెప్పిన మనిషి, నాలుగు నెలలు తిరక్కుండా అదే గుమ్మానికి పదకొండు ఎలా పంపిస్తాడు? పంపిస్తే కరస్పాండెంట్ గారి గదిలో పంచాయితీ. ఇక ప్రిన్సిపాల్ అంటారా, ఆ గదిలో రెండో కుర్చీ పేరు ప్రిన్సిపాల్.

నా పదిహేడు బేరం చివరికి స్టాఫ్ మీటింగుకు ఎక్కింది. పదిహేడు కుదరదు గానీ, బృందం చెప్పినట్టు పంతొమ్మిది వేద్దామని అందరూ ఒప్పుకున్నారు. ఎవరికి వేయాలన్న దగ్గర చిక్కొచ్చింది. ఫలానా పిల్లాడి మేనమామ విలేకరి, వద్దు. ఫలానా అమ్మాయి తండ్రి కార్పొరేటర్‌కు దగ్గరివాడు, అసలే వద్దు. కవలల్లో ఒకరికి వేస్తే ఇంట్లో కొట్లాట. చీట్లు వేద్దామని హిందీ మేడమ్ అంది. చీట్లలో విలేకరి మేనల్లుడే వస్తే ఎట్లా అని వాయిదా వేశారు. చదవడం ఎవరికి రాదో చూసి వాళ్లకు వేయొచ్చు కదా అన్నాను. దానికి వేరే రిజిస్టర్ కావాలన్నారు. ఆఖరికి అకౌంటెంట్ గొంతు సవరించుకుని, ఫీజు బాకీల లిస్టు తన దగ్గర సిద్ధంగా ఉందన్నాడు. గది తేలికపడింది.

పరకాల అమ్మాయి పేరు ఆ లిస్టులో రెండోది. పుస్తక సమీక్షలో ఒక మార్కు కోశారు. కారణం రాయాల్సిన గడిలో తెలుగు సార్ కాసేపు ఆలోచించి 'చేతిరాత' అని రాశాడు. నర్సరీ మేడమ్ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ శనివారం అమ్మాయి వాళ్ల నాన్న కూలి మానుకుని వచ్చి, నా టేబుల్ ముందు నిలబడి, "బిడ్డ చేతిరాత మంచిగ లేదంట గద సార్. ట్యూషన్ ఏమన్న పెట్టియ్యాల్నా?" అని అడిగాడు.