ఏడు రాత్రుల కచేరీ, ఒక రాక్షసుడు: సంయుక్త విచారణ

పర్లాకిమిడిలో ఎండలు ముదిరాయంటే రెండు పనులు తప్పవు. ఒకటి ఆవకాయ, రెండోది కచేరీల వారం. ఆవకాయ బాగోగులు ఎవరింట్లో వాళ్ళు తేల్చుకుంటారు. కచేరీల వారం ప్రజలందరిదీ కనుక దానికి విచారణ కావాలి. పైగా ఈసారి అదే వారంలో ఒక భారీ జానపద చిత్రం కూడా విడుదలైంది. ఊరు ఊరంతా సాయంత్రం కచేరీకి, రాత్రి సెకండ్ షోకి వెళ్ళి, రెండుచోట్లా ఒకే పద్ధతిలో మోసపోయింది. అందువల్ల రెండు కేసుల్నీ కలిపి విచారించడమే సబబు. సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. పోస్టరు మీద కూడా పేరు కన్నా బడ్జెట్ అంకే పెద్దది.

ముందు నేరస్థలం సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది. దీనివల్ల సభామర్యాద మీద పడ్డ భారాన్ని చరిత్రకారులెవరూ పట్టించుకోలేదు. ఇక్కడ ఏ కచేరీకైనా అతిథులు రెండు వైపుల నుంచీ రావాలి. స్వాగతం రెండుసార్లు. రాష్ట్రగీతాలు రెండు. యాంకరమ్మ ఒడియాలో ఒక మాట చెప్పి, అదే తెలుగులో చెప్పి, మూడోసారి ఇంగ్లీషులో చెబుతుంది, ఎవరి కోసమో తెలియదు.

ఇక లెక్క. కరపత్రంలో సాయంత్రం 6 గంటలకని వేస్తారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 కొట్టగానే మైకు ఆపాలి. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలించొచ్చు గానీ, మన వీణ కచేరీ పండగల కిందకి ఎప్పుడూ రాదు. అంటే కళకి దక్కాల్సినవి 240 నిమిషాలు. అందులో ముఖ్య అతిథి కోసం ఎదురుచూపు 60. గీతాలు, స్వాగతాలు 20. జ్యోతి 15. శాలువాలు 25. ‘రెండే రెండు మాటలు’ అంటూ మొదలైన ఉపన్యాసాలు 50. ఎంత ఉదారంగా కూడినా కళాకారుడికి మిగిలేది 70 నిమిషాలు. అందులోనూ శ్రుతి చేసుకోవాలి.

జ్యోతి ప్రజ్వలనని విడిగా పరిశీలించక తప్పదు. ఒత్తిని నూనెలో పూర్తిగా తడిపి, కొస పిండి, దాని మీద చిటికెడు కర్పూరం అద్దితే ఒక్క అగ్గిపుల్లతో అంటుకుంటుంది. ఇది ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. కార్యవర్గంలో చేరిన మరుక్షణం మరుపుకొస్తుంది, అంతే. వేదిక మీద కుందెలో పొడి ఒత్తులు ఐదు వేసి, పైన నాలుగు చుక్కల నూనె చిలకరిస్తారు. పక్కనే స్టాండు ఫ్యాను పూర్తి స్పీడులో తిరుగుతుంటుంది. ముఖ్య అతిథి చేతికి కొవ్వొత్తి ఇస్తారు. మొదటి ఒత్తి ఎలాగో అంటుకుంటుంది. ‘సార్, ఒక్కసారి ఇటు’ అంటాడు ఫొటోగ్రాఫరు. సారు ఇటు చూస్తారు, ఒత్తి ఆరిపోతుంది. ‘ఫ్యాను ఆపండ్రా’ అని ఐదుగురు ఒక్కసారే అరుస్తారు. ఎవరో పుణ్యాత్ముడు స్విచ్చి నొక్కుతాడు. ఆగింది ఫ్యాను కాదు, మైకు సెట్టు. తప్పు తెలుసుకుని మళ్ళీ వేస్తాడు. ఢబ్!

ఆ ఢబ్ విని గుండె మీద చెయ్యి వేసుకునేవాడు ఒక్కడే, మైకు సెట్టు కుర్రాడు. ఈ వారం మొత్తానికి పని తెలిసినవాడు కూడా వాడొక్కడే. మిక్సరు ముందు వేయాలి, ఆంప్లిఫయరు చివర వేయాలి. ఆపేటప్పుడు ఆంప్లిఫయరు ముందు ఆపాలి. ఈ వరస తప్పితే ఆ దెబ్బ నేరుగా హారను డయాఫ్రమ్‌కి తగిలి, మర్నాటి నుంచి అందరి గొంతూ దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తుంది. అది వాడు చెబుతాడు, ఎవరూ వినరు. వక్త మైకు ఊడబెరుక్కుని బాక్సుల ముందుకి నడిచి వస్తారు. మైకుని మూరెడు దూరం పెట్టుకుని ‘వెనక వాళ్ళకి వినిపిస్తోందా?’ అంటారు. వినిపించదు. కుర్రాడు సౌండు పెంచుతాడు. బాక్సులోంచి వచ్చింది మైకులోకి, మైకులోంచి మళ్ళీ బాక్సులోకి తిరిగి, కూత పెడుతుంది. ‘ఏం మైకయ్యా ఇది’ అని విసుక్కుంటారు వక్త. మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో ఉండి, మనిషి బాక్సుల వెనక నిలబడితే ఏ మైకూ కూయదు. ఈ వాక్యాన్ని రెండు భాషల్లోనూ అచ్చువేసి శాలువాతో పాటు ఇచ్చే ఏర్పాటు చేయాలని మా మొదటి సిఫారసు.

వైశాఖంలో సాయంత్రాలు ఈదురుగాలి ఉండనే ఉంటుంది. షామియానా ఎగరడం చూసేవాళ్ళకి వేడుక. అసలు ప్రమాదం త్రీఫేజు లైనులో న్యూట్రల్ తీగ ఊడటం. 230 వోల్టులు ఉండాల్సిన చోట ఏకంగా 400 దాకా ఎక్కిపోవచ్చు. అప్పుడు వేదిక మీది దీపాలన్నీ ధగధగా వెలుగుతాయి. జనం చప్పట్లు కొడతారు. కుర్రాడు మెయిను వైపు పరుగెడతాడు.

ఇంత జరిగాక వీణ వస్తుంది. బొబ్బిలి వీణ మీద 24 మెట్లు కూర్చునేది మైనం మీద. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, వేడి మీద గట్టు పోసి, చెవితో చూసుకుంటూ ఒక్కో మెట్టూ అదిమి మేళం కడతారు. మైనానికి ముఖ్య అతిథులంటే గౌరవం లేదు, వేడంటే మాత్రం భయం ఉంది. మధ్యాహ్నమంతా కారు డిక్కీలో ఉడికిన వీణని తెచ్చి, రెండడుగుల దూరంలో వెయ్యి వాట్ల హాలోజన్ దీపం పెడతారు, వీడియో బాగా రావాలని.

‘బాబూ, ఆ దీపం కాస్త అటు తిప్పు నాయనా’ అంటారు విద్వాంసురాలు.

‘వీడియో ఆయన ఒప్పుకోడం లేదమ్మగారూ’ అంటాడు కుర్రాడు.

మైనం మెత్తబడుతుంది. గాంధారం మెట్టు ఒక పక్కకి ఒరుగుతుంది, తీగ జరజరలాడుతుంది. ఖరహరప్రియ రాగానికీ హరికాంభోజి రాగానికీ తేడా ఒక్క గాంధార స్వరమే. ఆవిడ మొదటిది మొదలుపెడితే దీపం ఆవిడని రెండోదాని వైపు తోస్తూ ఉంటుంది. ఆవిడ వేలితో తీగ లాగి స్థానం చూపిస్తూ, ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా 40 నిమిషాలు వాయిస్తారు. ఈ వారంలో అసలైన సాహసం ఇదే. దీనికి బ్యాక్‌గ్రౌండు స్కోరు లేదు.

మృదంగం కష్టాలు వేరు. ఉక్కపోతకి చర్మం వదులై శ్రుతి దిగుతుంది. ఎడమ వైపు అంటించిన తడి రవ్వ ముద్ద ఫ్యాను గాలికి ఎండి, తని, అంటే మృదంగం ఒక్కటే మోగే ఘట్టం, మధ్యలో ఊడిపడుతుంది. ఆర్కెస్ట్రా రాత్రి గురించి ఒక్క మాట చాలు: ట్రాకు ఫోనులోంచి వేసేటప్పుడు దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే చరణం మధ్యలో అప్పులవాడు ఊరంతటికీ వినిపిస్తాడు.

ఇప్పుడు సినిమా. మూడు గంటలు, అంటే 180 నిమిషాలు. ముఖ్య అతిథి ఇక్కడా ఉన్నారు, హీరో అంటారు. ఆయన రాకముందు ఒక ఋషి, ఒక గూఢచారి, ఒక ముసలావిడ వరసగా ఆయన గురించి ఉపన్యసిస్తారు. తరవాత కాలు వస్తుంది. తరవాత భుజం. సెకనుకి 96 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తే పది సెకన్ల నడక నలభై సెకన్లవుతుంది. ఈ సూత్రంతో ఆయన వాకిట్లోంచి గుమ్మం దాకా వస్తారు. ఆ వచ్చింది బాల్యమట. యవ్వనంలో మళ్ళీ ఎంట్రీ, పునర్జన్మలో మూడోది. కథకి మిగిలినది దాదాపు వీణకి మిగిలినంతే. కథకి మాత్రం తీగ లాగి స్థానం చూపించేవాళ్ళు లేరు.

సినిమాలోని రాక్షసుడి విషయంలో గ్రాఫిక్సు నిపుణులు చేసిన పొరపాటు బరువుది. ఏ వస్తువైనా మొదటి సెకనులో పడేది సుమారు 4.9 మీటర్లే. కాబట్టి తాటిచెట్టంత శరీరం కూలితే ఆ కూలడం నింపాదిగా కనపడాలి. పాతకాలం ట్రిక్కు ఛాయాగ్రాహకులకి ఇది కంఠతా వచ్చు: ఇరవై ఐదో వంతు కోట బొమ్మని కూల్చాలంటే కెమెరాని ఐదు రెట్లు, అంటే సెకనుకి 120 ఫ్రేముల వేగంతో తిప్పాలి. ఇక్కడ రాక్షసుడు పిచ్చుకలా గంతులేస్తాడు, కోట అట్టపెట్టెలా పడుతుంది. షాట్లు నాలుగు కంపెనీలకి పంచినట్టున్నారు, వాడు గుహలో నీలంగా, బయట ఆకుపచ్చగా ఉంటాడు. విడుదల తేదీ ముందు ప్రకటించి గ్రాఫిక్సు తరవాత మొదలెడితే అంతే మరి. విఠలాచార్య గారైతే కాల్షీట్లు ఇవ్వని నటుణ్ణి చిలకనో మేకనో చేసేసేవారని పరిశ్రమలో చెప్పుకుంటారు. ఆ మేక నిజం మేక. దానికి బరువుండేది.

భాష సంగతి ఎత్తకపోవడమే మర్యాద. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని, ‘ఓరీ తుచ్ఛుడా, నా పరాక్రమమును నీవెరుంగవు, లైట్ తీస్కో’ అనే డైలాగు వినాల్సి వచ్చింది. అదైనా తెలుగు ప్రింటు దొరికినవాళ్ళ అదృష్టం. హిందీ డబ్బింగు చూసినవాళ్ళు రాక్షసుడే నయమన్నారు, వాడు కేవలం గర్జిస్తాడు.

హాలుకీ కొంత వాటా ఉంది. మామూలు బొమ్మకి తెర మీద 14 ఫుట్‌లాంబర్టుల వెలుతురు ఉండాలని ప్రమాణం. ల్యాంపు ఎక్కువ రోజులు రావాలని తగ్గించి వేస్తే అందులో కొంత పోతుంది, త్రీడీ అద్దాలు మిగిలినదాంట్లో సగానికి పైగా మింగుతాయి. చివరి యుద్ధం అమావాస్య రాత్రి జరుగుతుంది. ఎవరు గెలిచారన్న దాని మీద ఊళ్ళో ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. మాటలు వచ్చేది తెర వెనక మధ్య బాక్సులోంచి; అది మూగబోతే సంగీతం హోరెత్తుతుంది, పెదాలు మాత్రం ఆడతాయి. కుర్రాడు అది ఇంటర్వెల్‌లోనే కనిపెట్టి ఆపరేటరుకి చెప్పాడు. ‘సినిమానే అంత’ అన్నాడట ఆపరేటరు. వంద రూపాయలు దాటిన టికెట్టు మీద 18 శాతం జీఎస్టీతో కలిపి ఆ జవాబు.

చివరి రాత్రి కచేరీలో వందన సమర్పణ సాగుతుండగా 9 గంటల 58 నిమిషాలకి కానిస్టేబులు వచ్చి జనరేటరు పక్కన నిలబడ్డాడు. సరిగ్గా పదికి వక్త నోరు ‘ప్రత్యేక ధన్య’ దగ్గర ఆగింది. సినిమాకి కూడా ఈ సౌకర్యం వర్తింపజేయాలని సిఫారసు చేయబోయి, నిబంధనలు మరోసారి తిరగేశాం. తలుపులు మూసిన హాళ్ళకి మినహాయింపు ఉందట.