రాత్రి జ్వరం వస్తే దేవరకొండ నుంచి ఎటు?

పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. సంపన్న దేశాల్లో ఇప్పుడు నూటికి తొంభై మంది దాకా బతికి బయటపడుతున్నారు. చిక్కంతా జబ్బు తిరగబెట్టినప్పుడే. మొదటి కీమోను తట్టుకున్న కణాలే మళ్లీ పెరుగుతాయి కాబట్టి అవే మందులు అంతగా పనిచేయవు. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ లింఫోమాలోనూ ఇదే కథ. అందుకే పాతవాటికి కొత్త మందు జోడించి చూస్తారు.

అమెరికాలో అలాంటి ఒక ట్రయల్‌లో (మందును రోగులపై పరీక్షించే అధ్యయనంలో) పెద్దలకు వచ్చే మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌కు వాడే బోర్టెజోమిబ్‌ను విన్‌క్రిస్టిన్ (మన బిళ్ళగన్నేరు నుంచి తీసేదే), డెక్సామెథసోన్, ఆస్పరాజినేజ్, డాక్సోరూబిసిన్‌లతో కలిపి ఇచ్చారు. ఫలితాలు 2012లో వచ్చాయి. బి-కణ లుకేమియా తిరగబెట్టిన 20 మందిలో 16 మందికి జబ్బు లొంగింది. అందరూ చెప్పుకునే అంకె ఇదే. నా దృష్టి మాత్రం ఇంకోదానిమీద ఉంది. ఆ ట్రయల్‌లో ముగ్గురు బాక్టీరియా ఇన్‌ఫెక్షన్లతో చనిపోయారు. ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్, ఫంగస్ మందు మొదలుపెట్టాక, చివరి ఆరుగురిలో అలాంటి మరణం లేదు.

అన్ని వసతులున్న చోటే అలా జరిగింది. మరి అచ్చంపేటలోనో, దేవరకొండలోనో ఉన్న పిల్లాడి సంగతి? కీమో తర్వాత తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయినప్పుడు జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి చేరడానికే అంతకు రెట్టింపు పడుతుంది, అదీ రాత్రిపూట బండి దొరికితే. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు, మంచిదే. కానీ అర్ధరాత్రి కారు కిరాయి, పోయిన కూలీ అందులోకి రావు.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. కొత్త మందు అక్కడే ఎక్కించాలని అనడం లేదు, అది పెద్ద సెంటర్ పని. రక్తపరీక్ష, ప్లేట్‌లెట్లు, జ్వరానికి మొదటి డోసు మాత్రం అక్కడే అందాలి. అవి లేకుండా మన పిల్లలను ట్రయల్‌లో చేర్చితే మందు వికటించిందో, దూరం చంపిందో తేల్చలేం.

అలాగని విదేశాల్లో తేలిన డోసును తెచ్చి వాడేసుకోవడమూ కుదరదు. మెయింటెనెన్స్‌లో, అంటే జబ్బు లొంగాక తిరగబెట్టకుండా చేసే చికిత్సలో, ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్‌నే చూడండి. కొందరి శరీరం దాన్ని తట్టుకోలేకపోవడానికి కారణమైన ఎన్‌యూడీటీ15 జన్యు తేడా యూరప్ వాళ్లకన్నా ఆసియా వాళ్లలో ఎక్కువ. ఇక్కడి పిల్లల్లో పరీక్షించాల్సిందే.

ట్రయల్ అనగానే "మా బిడ్డ ఏమన్నా ఎలుకనా?" అని తల్లిదండ్రులు భయపడటం సహజం. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసిన తీరు ఎంత వివాదమైందో మరచిపోలేదు ఎవరూ. పైగా మొదటి దశ ట్రయల్‌లో ప్రధానంగా చూసేది ఎంత డోసు భరించగలరనేదే. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. నేనైతే సమ్మతి పత్రంలో ఇంకో గడి కూడా పెడతాను: రాత్రి జ్వరం వస్తే ఏ దవాఖానకు పోవాలి, ఎవరి నంబర్‌కు ఫోన్ చేయాలి. అది ఖాళీగా ఉంటే సంతకం పెట్టొద్దని ఆ తల్లికి చెబుతాను.