గతిజ శక్తి లెక్కలో ప్రమాణాలే ముఖ్యం
గతిజ శక్తి (కదలిక వల్ల వస్తువుకు ఉండే శక్తి) కావాలంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలని మీరు దాని గురించి రాసిన వ్యాసంలో సరిగ్గానే చెప్పారు. కానీ ప్రమాణాల (యూనిట్ల) గురించి ఒక్క ముక్కా లేదు, ఎక్కువమంది తప్పేది అక్కడే. 1200 కిలోల కారు గంటకు 72 కి.మీ. వేగంతో పోతోందనుకోండి. ముందు 72ని 3.6తో భాగించాలి, సెకనుకు 20 మీటర్లు వస్తుంది. దాని వర్గం 400. దాన్ని ద్రవ్యరాశిలో సగమైన 600తో గుణిస్తే 2,40,000 జౌళ్లు (జౌల్ అంటే శక్తికి ప్రమాణం). భాగించకుండా 72నే వేసేస్తే జవాబు 31 లక్షలు దాటిపోతుంది. ఆ 3.6 కూడా వర్గమవుతుంది కదా, అందుకే దాదాపు 13 రెట్ల తేడా!

ఇంకో పొరపాటు ఇంతకన్నా మొండిది. అదే కారు వేగం సెకనుకు 20 నుంచి 30 మీటర్లకు పెరిగితే శక్తి ఎంత పెరిగిందని అడగండి, చాలామంది తేడా 10ని వర్గం చేసి 60,000 అంటారు. అలా కుదరదు. రెండు వేగాల దగ్గరా శక్తి విడివిడిగా కట్టి, ఆ తర్వాతే తీసివేయాలి: 5,40,000లోంచి 2,40,000 పోతే 3,00,000 జౌళ్లు.

దొర్లే వస్తువులకు భ్రమణ శక్తి (గుండ్రంగా తిరగడం వల్ల ఉండే శక్తి) కూడా కలపాలి. జారకుండా దొర్లే ఘన గోళానికైతే సగానికి బదులు 0.7 వేయాలి. దయచేసి ఇది కూడా వ్యాసంలో చేర్చండి.