నీళ్లొచ్చాక కొలిచే పూడిక

ఏటా ఏప్రిల్‌లో కృష్ణా డెల్టా కాల్వలు కట్టేస్తారు, అంటే వాటికి నీరు ఆపేస్తారు. నాలుగు రోజులు ఆరేసరికి విజయవాడ నడిబొడ్డున బందరు, ఏలూరు, రైవస్ కాల్వల అడుగు బయటపడుతుంది. కొబ్బరిచిప్పలు, పూజ పూలు మూటగట్టిన క్యారీబ్యాగులు, చిరిగిన పరుపులు, ఇల్లు పడగొట్టిన ఇటుక ముక్కలు, వాటి చుట్టూ పేరుకున్న నల్లటి ఒండ్రు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా చేతికి దక్కేది ఆరేడు వారాలు. పూడిక తీయాలన్నా, షట్టర్లు బాగుచేయాలన్నా, గట్లు కట్టాలన్నా ఈ గడువులోనే. కాల్వ ఎండి ఉన్న నెలంతా అంచనాల ఫైలు బల్లలు మారుతూ ఉంటుంది. నీళ్లొచ్చే వారంలో పొక్లెయిన్ దిగుతుంది.

ఈ కాల్వలకు నీరిచ్చే ప్రకాశం బ్యారేజీని పెద్ద చెరువు అనుకునేవారు ఇంకా ఉన్నారు. దాని నిల్వ సామర్థ్యం 3.07 టీఎంసీలు. కాల్వలకు 12 వేల క్యూసెక్కులు వదిలితే మూడు రోజులకు సరి. మట్టం తగ్గితే హెడ్ రెగ్యులేటర్లకు (కాల్వ మొదట్లో నీరు వదిలే తలుపులకు) నీరు ఎక్కదు గనుక అదైనా పూర్తిగా వాడుకోలేం. 1855లో పూర్తయిన పాత ఆనకట్టయినా, 1952లో దానికి గండిపడ్డాక 1957లో వచ్చిన బ్యారేజీ అయినా చేసే పని నది మట్టాన్ని ఎత్తి కాల్వల్లోకి మళ్లించడమే. పులిచింతలలో 45.77 టీఎంసీలు నిండా ఉన్నా, పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు తోడిపోసినా మోయాల్సింది కాల్వే. అది మోయలేనప్పుడు పైన ఎంత నీరుందన్న లెక్క రేపల్లె, నిజాంపట్నం వైపు శివారు రైతుకు ఎందుకు?

ఇక పూడిక సంగతి. అడుగుభాగం వెడల్పు 10 మీటర్లున్న కాల్వలో అడుగు మందాన, అంటే 0.3 మీటర్ల మేర ఒండ్రు తీస్తే కిలోమీటరుకు 3,000 ఘనపు మీటర్లు వస్తుంది. ఆరు ఘనపు మీటర్లు పట్టే టిప్పరుకు 500 ట్రిప్పులు. కాగితం మీద ఆ అడుగును అడుగున్నర చేస్తే కిలోమీటరుకు 250 ట్రిప్పుల మట్టికి తవ్వకుండానే బిల్లు అవుతుంది. నీళ్లు నిండిన కాల్వలో ఆ అర అడుగును ఎవరు పట్టుకుంటారు? అందుకే పని నాణ్యత సగం పొక్లెయిన్ దగ్గర తేలితే, మిగతా సగం కొలత వేసిన తేదీ దగ్గర తేలుతుంది.

చేయాల్సిన పద్ధతి ఇంజినీర్లకు తెలియనిది కాదు. కాల్వ ఆరగానే 30 మీటర్లకొక చోట అడ్డంగా లెవెల్స్ (అడుగుభాగం ఎత్తు కొలతలు) తీసి, వంతెన దిమ్మె వంటి కదలని గుర్తుకు వాటిని ముడిపెట్టాలి. తవ్వేటప్పుడు అక్కడక్కడ తవ్వని మట్టి దిమ్మెలను సాక్ష్యంగా వదలాలి. పని ముగిశాక అవే చోట్ల మళ్లీ లెవెల్స్ తీసి, అప్పుడు ఆ మట్టి దిమ్మెలు కొట్టేయాలి. ఇది కుదరాలంటే టెండర్లు మార్చికే పూర్తయి, కాల్వ కట్టిన మర్నాడే గుత్తేదారు గట్టు మీద ఉండాలి. నీళ్లు వదలడానికి ముందు కనీసం వారం రోజులు తవ్విన కాల్వను ఖాళీగా ఉంచి, రెండు వరసల లెవెల్స్‌ను పంచాయతీ బోర్డు మీద అంటించాలి. 1997 చట్టంతో వచ్చిన రైతుల నీటి సంఘాలు సంతకానికే కాకుండా కొలతకూ పనికొచ్చేది అప్పుడే.

తక్కువ తవ్వడమే తప్పు అనుకుంటే పొరపాటు. ఒండ్రుకు గిరాకీ ఉన్నచోట కాల్వ అసలు అడుగుమట్టం దాటి తవ్వేస్తున్నారు. కాల్వ లోతైతే అంతే నీరు మట్టం తగ్గి పారుతుంది. తూము ఎత్తు మాత్రం మారదు. నీళ్లు పారుతున్న కాల్వ పక్కనే బోదె (పొలానికి నీరు తీసుకెళ్లే పిల్ల కాల్వ) ఎండిపోతే, కాల్వను చూసుకునే లస్కరును తిట్టి లాభం లేదు. పైగా గట్టు పాదం తెగి, మొదటి వానకే జారుతుంది.

గుర్రపుడెక్కకు ఇచ్చే వైద్యం మరీ అన్యాయం. అనువైన నీటిలో రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి. కాల్వ కట్టాక మొక్కలు చావవు, వంతెనల కింది మడుగుల్లో పచ్చగా కాచుకుని ఉంటాయి. ముందు ఆ మడుగులు తోడాలి. పై నుంచి కిందికి శుభ్రం చేసుకుంటూ రావాలి, లేదంటే తీసిన చోటికే పైనుంచి కొట్టుకొస్తుంది. తీసి గట్టు అంచున పోస్తున్నారు. ఆ నల్లటి కుచ్చు వేళ్లు తొలకరికి జారి మళ్లీ నీళ్లలో పడుతున్నాయి. అందులో పదింట తొమ్మిది పాళ్లకు పైగా నీరే. దూరంగా ఎండేస్తే కుప్ప తగ్గిపోతుంది, పేడ కలిపి మాగబెడితే ఎరువవుతుంది. కలుపుమందు కొడితే పని తేలికే. కానీ కుళ్లిన ఆకు అడుగుకు దిగి కొత్త పూడిక అవుతుంది. మందు కలిసిన ఆ నీరే ఊరి మంచినీటి చెరువుకు ఎక్కుతుంది.

షట్టర్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు రాష్ట్రమంతా మాట్లాడింది. పంట కాల్వ మీద షట్టరును ఎత్తి దించే, వంగిపోయిన స్క్రూ రాడ్డు, ఇసుక బస్తాలతో ఆపిన షట్టరు ఎవరికీ వార్త కావు. గ్రీజు, రబ్బరు సీలు, రెండు బోల్టులు చాలు వాటికి. వాటిని రోజూ చూసే లస్కరు పోస్టు ఖాళీగా ఉంటే ఆ గ్రీజు డబ్బా తెరిచేదెవరు?

నగరం వంతు నగరం చేయాలి. వంతెనల పక్కన ఎత్తయిన ఇనుప వలలు, పూజ సామగ్రికి విడి తొట్లు, కాల్వలోకి తెరిచిన మురుగు గొట్టాలకు మూతలు ఈ ఆరేడు వారాల్లోనే పెట్టాలి. జూన్‌లో కాల్వకు వదిలే తొలి నీటిని శివారు ఊళ్లు ముందు మంచినీటి చెరువులకే పట్టుకుంటాయి. వేసవంతా ఇక్కడ పేరుకున్న చెత్తను కడుక్కుంటూ వెళ్లేదీ ఆ నీరే.